కోడ్ రాయడం వచ్చు, మొదలుపెట్టడమే రావట్లేదు

మీ ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది గుంటూరు, పట్టాభిపురం. వయసు 24. పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. కుడి చెయ్యి బిగుసుకుపోయి ఉంటుంది, టైపింగంతా ఎడం చేత్తోనే. పోయిన ఏడాది ఏడీహెచ్‌డీ (ధ్యాస ఒకచోట నిలవని స్థితి) ఉందని డాక్టరుగారు తేల్చారు, ఆటిజం లక్షణాలు కూడా ఉన్నాయన్నారు. కంప్యూటర్ సైన్స్‌లో బీటెక్ చేశాను. ఎవరైనా సగం రాసిన కోడ్ నా ముందు పెడితే తప్పెక్కడుందో ఇట్టే పట్టేస్తాను. కాలేజీలో అందరూ నా దగ్గరికే వచ్చేవాళ్లు. సొంతంగా ఒక ప్రాజెక్టు మొదలుపెట్టాలంటే మాత్రం నా వల్ల కావట్లేదు.

మా నాన్నగారు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తా. సీజన్‌లో రాత్రి పదింటికి ఇంటికొచ్చి కూడా పట్టీలు (రైతు సరుకు లెక్క చీటీలు) కూడుతూ కూర్చుంటారు. ఆయన కోసం చిన్న యాప్ చేద్దామని సంక్రాంతి నుంచి అనుకుంటున్నాను. లాప్‌టాప్ తెరుస్తాను. యాప్ దేంతో రాయాలి, రియాక్టా ఫ్లట్టరా, డేటా ఎక్కడ దాచాలి, ఫైర్‌బేసా మైఎస్‌క్యూఎల్లా, లాగిన్ పెట్టాలా వద్దా, ప్రింట్ తెలుగులో వస్తుందా అనుకుంటూ ఉండగానే బ్రౌజర్‌లో ట్యాబులు పెరిగిపోతాయి. చాట్‌జీపీటీని అడిగితే పద్నాలుగు మెట్ల ప్లాన్ ఇచ్చింది. అది చదువుతుంటేనే గుండె దడ. మూసేసి పడుకున్నాను. ఇలా ఆగిపోయిన ఫోల్డర్లు బోలెడు. కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైటు తెరిస్తే, ఏ రోజు రాశానో చూపించే గళ్లన్నీ ఖాళీయే. హైదరాబాద్‌లో ఉండే మా బావ "ఒక్క వీకెండ్ పని అది" అన్నాడు. అమ్మ బద్ధకం అంటోంది. నేను నిజంగా బద్ధకస్తురాలినా? ఈ ఫీల్డ్ వదిలెయ్యాలా?

— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. ముందు నువ్వు చివర్లో అడిగిన రెండింటి సంగతి. నువ్వు బద్ధకస్తురాలివి కావు. ఈ ఫీల్డ్ వదలొద్దు. బద్ధకం ఉన్న మనిషికి ప్లాన్ చదివితే గుండె దడ రాదు, పక్కన పడేసి హాయిగా నిద్రపోతారు. నీకు ఆ పని చెయ్యాలని అంత బలంగా ఉంది కాబట్టే అదంతా ఒక్కసారిగా మీద పడుతోంది.

నా సంగతీ ఒక ముక్క చెప్తాను, ఎవరు మాట్లాడుతున్నారో నీకు తెలియాలి కదా. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడం కాలికి క్యాలిపర్ పడింది. ఏడీహెచ్‌డీ ఉందన్న సంగతి నలభై దాటాక తెలిసింది. విజయవాడలో ఏలూరు రోడ్డు పుస్తకాల షాపులకీ, మందుల షాపులకీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిచ్చి బతుకుతున్నాను. నీ ఉత్తరంలో నాకు కొత్తగా అనిపించిన వాక్యం ఒక్కటీ లేదు.

ఏదైనా పని చేస్తున్నప్పుడు అప్పటికప్పుడు మనసులో పట్టి ఉంచుకోగలిగిన విషయాలకి ఒక హద్దుంది. 1956లో జార్జ్ మిల్లర్ అనే అమెరికన్ సైకాలజిస్టు ఆ హద్దు ఏడుకి అటూ ఇటూగా ఉంటుందని రాశాడు. 2001లో నెల్సన్ కోవన్ మళ్లీ పరిశీలించి, నిజానికి నాలుగు దగ్గరే ఆగుతుందన్నాడు. ఇది అందరి సంగతి. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లలో చాలామందికి ఈ పట్టు ఇంకా తక్కువ. ఇప్పుడు నీ ఉత్తరం మళ్లీ చదువు. నువ్వు పైకి రాసిన ప్రశ్నలే నాలుగున్నాయి. రాయనివి ఎన్నున్నాయో నాకు తెలుసు. నాన్నగారి ఫోన్‌లో నడుస్తుందా, యార్డులో సిగ్నల్ లేకపోతే ఎలా, రైతుల వివరాలు ఇంకెవరైనా చూస్తేనో, కొట్టు యజమాని ఒప్పుకుంటాడా... పైగా ప్రతి ప్రశ్నా ఇంకోదాని మీద ఆధారపడి ఉంది. ఏదీ విడిగా తేలదు. సీజన్‌లో లారీలన్నీ ఒకేసారి వస్తే యార్డు గేటు దగ్గర ఎలా ఇరుక్కుపోతాయో మీ నాన్నగారిని అడుగు. లోపల జాగా లేక ఆగవు, గేటు చాలక ఆగుతాయి. నీ తెలివికి లోటు లేదు, నిర్ణయాలన్నీ ఒక్క క్షణంలో రావడంతోనే చిక్కంతా.

నీ ఉత్తరంలో నువ్వు మాట వరసకి రాసేసిన ఒక వాక్యం ఉంది. నా దృష్టిలో ఉత్తరమంతటికీ అదే ముఖ్యం. సగం రాసిన కోడ్ ఇస్తే తప్పు ఇట్టే పట్టేస్తానన్నావు. ఎందుకు పట్టగలుగుతున్నావు? అక్కడ నిర్ణయాలు అప్పటికే వేరేవాళ్లు తీసేసుకున్నారు. భాష ఏదో తేలిపోయింది, ఫైళ్లకి పేర్లు పెట్టేశారు, తప్పో ఒప్పో ఏదో ఒకటి నడుస్తోంది. నీ బుర్ర పని చెయ్యడానికి ఎదురుగా ఒక వస్తువు ఉంది. ఖాళీ స్క్రీన్ మీద అది లేదు. కాబట్టి నేను నీకు చెప్పేదల్లా ఒకటే. ఖాళీ ప్రాజెక్టుని ఎంత తొందరగా వీలైతే అంత తొందరగా, సగం రాసిన, తప్పులున్న ప్రాజెక్టుగా మార్చుకో. మంచిదిగా మొదలుపెట్టాలని చూడకు. బాగుచెయ్యడానికి వీలుగా ఉండే ఒక ముక్కని పుట్టించు. అక్కడి నుంచి పని నీకు బాగా వచ్చిన పనే.

ఎలాగంటే, ఈ రాత్రి నాన్నగారిని ఒక పాత పట్టీ అడుగు. ఒక్కటి చాలు. రైతు పేరు, ఊరు, ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు), కాటాలో తూగిన బరువు, క్వింటా ధర, అందులోంచి పోయిన కమీషన్, హమాలీ, ఆఖరున రైతు చేతికొచ్చిన సొమ్ము. కొట్టుని బట్టి కొద్దిగా తేడాలుంటాయి కానీ సరుకు ఇదే. ఆ కాగితం లాప్‌టాప్ పక్కన పెట్టుకో. బ్రౌజర్ తెరవొద్దు. కోడ్ రాసే వీఎస్ కోడ్ ఎడిటర్ కూడా వద్దు. పైథాన్ భాషతో పాటే వచ్చే ఐడిల్ విండో ఒక్కటి తెరువు. పైథాన్ 3 నుంచి వేరియబుల్స్‌కి తెలుగులోనే పేర్లు పెట్టుకోవచ్చు. ముప్ఫై టిక్కీల పట్టీ అనుకుందాం. ఇలా కొట్టు:

బరువు = 12.40
ధర = 14000
మొత్తం = బరువు * ధర
మొత్తం

ఎంటర్ నొక్కగానే 173600.0 అని వస్తుంది. తెలుగు కీబోర్డుకి మారడం చేతికి కష్టమైతే ఇంగ్లీషు పేర్లే పెట్టుకో, పట్టింపు లేదు. వచ్చిన అంకెని పట్టీ మీద అంకెతో పోల్చు. కలిసిందా, ప్రాజెక్టు మొదలైపోయింది. కలవలేదా, ఇంకా మంచిది. తరుగు తీశారా, రూపాయలు సరిచేశారా, కాటా బరువు ఇంకో చోట రాశారా? నాన్నగారిని అడుగు. ఆ క్షణం నుంచి నువ్వు సగం రాసిన కోడ్‌లో తప్పు వెతుకుతున్నావు. అది నీకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

తర్వాత కమీషన్, హమాలీ తీసెయ్యి. ఆ తర్వాత రెండో పట్టీ. మూడోదో నాలుగోదో కొట్టేటప్పటికి అదే లెక్క మళ్లీ మళ్లీ రాయడం విసుగనిపిస్తుంది. అప్పుడు దాన్ని ఫంక్షన్‌గా, అంటే ఒక్క పేరుతో పిలిచే లెక్కగా మార్చి ఫైల్లో పెట్టు. విసుగు రాకముందు పెట్టొద్దు. ఇది నేను గట్టిగా నమ్మే మాట. ఏ సాధనం కావాలో ముందుగా కూర్చుని ఆలోచిస్తే తేలదు. పని చేస్తుండగా ఎక్కడ విసుగు పుడుతుందో అక్కడ అదే తేలుతుంది. పాత పట్టీ వెతకడం కష్టమైన రోజున డేటాబేస్ సంగతి చూద్దువుగాని. అప్పుడు కూడా ఎస్‌క్యూలైట్ చాలు. అది 2000 నుంచీ ఉన్నది, డేటా అంతా ఒక్క ఫైల్లో ఉంటుంది, సర్వరు అక్కర్లేదు, వాడటానికి కావాల్సిన మాడ్యూల్ పైథాన్‌లోనే ఉంది. అందాకా మామూలు టెక్స్ట్ ఫైలు.

మరి రియాక్టు, ఫ్లట్టరు, లాగిన్ సంగతేమిటంటావు. ఒక తెల్లకాగితం తీసుకుని పైన "ఇప్పుడు కాదు" అని రాసి వాటన్నిటినీ దాని మీద దించెయ్యి. పని మధ్యలో కొత్త ఆలోచన వచ్చినా అక్కడే రాసి మళ్లీ పనిలోకి వచ్చెయ్యి. మొత్తం బొమ్మ కళ్ల ముందు లేకపోతే అడుగు పడకపోవడం ఆటిజం ఉన్న చాలామందిలో చూశాను. వాళ్లని "ముందు మొదలుపెట్టు, అదే తెలుస్తుంది" అంటే ఊపిరాడదు. నీకూ అలాంటిదేదో ఉంటే ఈ కాగితమే ఆ బొమ్మ. ఏదీ పోలేదు, అన్నీ రాసే ఉన్నాయి, నెలకోసారి తీసి చూడొచ్చు. ఫోన్లోనో యాప్‌లోనో రాయకు, గోడకి అంటించు. మనలాంటి వాళ్లకి కంటికి కనబడనిది గుర్తుండదు.

చాట్‌జీపీటీని మానెయ్యమనను. అడిగే తీరు మార్చు. "ఒక్క అడుగే చెప్పు. నేను అయింది అనేదాకా రెండోది చెప్పొద్దు" అని మొదటి వాక్యంగా పెట్టు. నీకున్న గుణానికి ఇంకో పద్ధతి ఇంకా బాగా కుదురుతుంది. తప్పులున్నా సరే ఒక చిన్న మొదటి ముక్క రాసిమ్మను, దాన్ని నువ్వు దిద్దు. రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు మాత్రం అందులో పెట్టకు. అవి మీ నాన్నగారిని నమ్మి ఇచ్చినవి.

ఇక చెయ్యి. నువ్వు దీని గురించి రెండు ముక్కల్లో రాసేశావు కానీ నేను అలా వదలను. ప్రాజెక్టు మొదలుపెట్టేటప్పుడే శరీరానికి ఎంత ఖర్చవుతుందో లెక్కేసుకోవాలి. సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్లకి అదే పనికి మిగతావాళ్ల కంటే ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. పోలియో వచ్చినవాళ్లలో కూడా కొందరికి దశాబ్దాల తర్వాత కండరాల అలసట తిరిగొస్తుంది, నేను ఇప్పుడు అందులోనే ఉన్నాను. కాబట్టి మీ బావ వీకెండ్, నీ వీకెండ్ ఒకటి కావు. అందులో న్యూనత ఏమీ లేదు, కొలత వేరు అంతే.

విండోస్‌లో షిఫ్ట్ మీటని వరసగా ఐదుసార్లు నొక్కితే స్టిక్కీ కీస్ వస్తుంది. ఇక కంట్రోల్, షిఫ్ట్ లాంటివి నొక్కిపట్టి ఉంచక్కర్లేదు, ఒకదాని తర్వాత ఒకటి నొక్కితే చాలు. ఒంటిచేత్తో కోడ్ రాసేవాళ్లకి ఇది ఎంత ఊరటో వాడితే తెలుస్తుంది. వీఎస్ కోడ్‌లోకి వచ్చాక కంట్రోల్ కే నొక్కి, వదిలి, జెడ్ నొక్కితే జెన్ మోడ్. పక్క ప్యానెళ్లన్నీ మాయమై తెరంతా కోడే నిండుతుంది. కంటికి అడ్డొచ్చేవి తగ్గితే మనసు మీద బరువూ తగ్గుతుంది. పేర్లు పూర్తిగా కొట్టకుండా రెండక్షరాలకే ట్యాబ్ నొక్కి పూర్తిచేయించుకో. నోటితోనే కోడ్ చెప్పే టాలన్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, ఎడం చేతికి మాత్రమే పనికొచ్చేలా డ్వోరాక్ కీబోర్డు అమరిక విండోస్‌లోనే ఉంది. రెండూ మంచివే. కానీ వాటిని నేర్చుకోవడమే ఒక పెద్ద ప్రాజెక్టు, అవి "ఇప్పుడు కాదు" కాగితం మీదకి వెళ్లాలి. చెయ్యి నొప్పి పెరుగుతుంటే మాత్రం ఆ వరస మార్చి వాటినే ముందు చూడు, డాక్టర్ని కూడా కలువు.

మీ ఇంట్లో సీజన్ రోజులెలా ఉంటాయో ఊహించగలను. నాన్నగారి చొక్కాకి పట్టిన మిర్చి ఘాటు గదంతా నిండుతుంది, మేలో ఎండ, టీవీ ఒక పక్క. వాసనకీ చప్పుడుకీ ఒళ్లు తట్టుకోలేని స్థితిలో కూర్చుని "నాకు ఆలోచన రావట్లేదు" అని ఏడిస్తే తప్పు ఆలోచనది కాదు. తెల్లవారుజామునో, అందరూ పడుకున్నాకో, నీ ఒంటికి ఏ వేళ కుదురుతుందో చూసి ఆ వేళ మాత్రమే కూర్చో. 25 నిమిషాల టైమర్ పద్ధతి చాలామంది చెప్తారు, ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే ఇటలీ ఆయన 1980ల చివర్లో పెట్టుకున్నది. కొందరికి బాగా పనిచేస్తుంది. నాకు పనిలో మునిగాక గంట మోగితే మళ్లీ మునగడానికి పూటంతా పడుతుంది. నీకెలా ఉంటుందో చూసుకో, పడకపోతే మొహమాటం లేకుండా వదిలెయ్యి.

ఎప్పుడు ఆపాలన్నది, ఎలా మొదలుపెట్టాలన్నంత ముఖ్యం. తర్వాత ఏం చెయ్యాలో తెలిసి ఉండగానే ఆపు. నేను లైను మధ్యలోనే ఆపేస్తాను, తప్పుందని ఎడిటర్ గీసే ఎర్రగీత కనిపిస్తుండగా. మర్నాడు తెరవగానే ఏం చెయ్యాలన్న ప్రశ్నే ఉండదు, ఆ ఎర్రగీత పోగొట్టాలి, అంతే. దానికి తోడు ఫోన్లో మైకు గుర్తు నొక్కి, "హమాలీ తీసేసే లెక్క సగంలో ఉంది, టిక్కీకి ఎంతో నాన్నని అడగాలి" అని తెలుగులోనే చెప్పెయ్యి. అదే రాసుకుంటుంది, చేతికి శ్రమ లేదు.

ఒక్కదానివే కూర్చోకు. ఏడీహెచ్‌డీ ఉన్న చాలామందికి పక్కన ఇంకో మనిషి తన పని తాను చేసుకుంటూ ఉంటే చాలు, పనిలో నిలబడటం తేలికవుతుంది. నాకు తెనాలిలో ఒక స్నేహితురాలుంది, జాకెట్లు కుడుతుంది. ఇద్దరం ఫోన్ స్పీకర్లో పెట్టుకుని గంటసేపు ఒక్క ముక్క మాట్లాడుకోం. ఆమె మిషను చప్పుడు వినిపిస్తుంటే నా చేతులు కదులుతాయి. నీ విషయంలో నాన్నగారే ఉన్నారు. ఆయన పట్టీలు కూడే బల్లకి అటుపక్క నువ్వు కూర్చో. ఇందులో ఇంకో లాభం ఉంది. ఆయనకి అసలు కష్టం కూడికలోనా, లేక "పోయినవారం ఆ ఫిరంగిపురం రైతు పట్టీ ఏది" అని వెతకడంలోనా అన్నది నీ కళ్లతో చూస్తావు. యాప్ ఏం చెయ్యాలో అక్కడ తెలుస్తుంది, ట్యాబుల్లో తెలియదు. ఒకవేళ ఆయనకి ఫోన్ తాకడమే ఇష్టం లేక, నీ ఇరవై లైన్ల స్క్రిప్టులో నువ్వే అంకెలు వేసి చెప్పడం చాలనిపిస్తే, ప్రాజెక్టు పూర్తయినట్టే. యాప్ అనిపించుకోవాల్సిన అవసరం దానికి లేదు.

గిట్‌హబ్ గళ్ల గురించి బెంగ పెట్టుకోకు. వరసగా ఎన్నిరోజులు రాశారో చూపించే లెక్కని ఒకప్పుడు వాళ్లే ప్రొఫైల్‌లో పెట్టి, 2016లో వాళ్లే తీసేశారు. ఖాళీ గడి అంటే ఆ రోజు నువ్వు దాంట్లో కోడ్ దాచలేదని మాత్రమే. పాత ఫోల్డర్లన్నీ "పాతవి" అని ఒకే ఫోల్డర్లోకి తోసెయ్యి. తుడిచెయ్యొద్దు, తెరిచి చూసి బాధపడొద్దు.

అమ్మతో వాదించకు, చూపించు. మొదటి పట్టీ లెక్క సరిపోయిన రోజు ఆవిడని పిలిచి నాన్నగారి ముందే నడిపించు. ఏడీహెచ్‌డీ అంటే ఏమిటో డాక్టరుగారి దగ్గరికి ఈసారి ఆవిడని కూడా తీసుకెళ్లి ఆయన నోటితోనే చెప్పించు. మందుల విషయం కూడా ఆయనతోనే తేల్చుకోవాలి, నేను చెప్పేది కాదు.

ఇంకొక్కటి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం రెండూ అందులో ఉన్నాయి, ఏడీహెచ్‌డీ పేరు మాత్రం విడిగా లేదు. వికలాంగులకిచ్చే యూడీఐడీ గుర్తింపు కార్డు ఇంకా తీసుకోకపోతే తీసుకో. రేపు ఉద్యోగానికి వెళ్లినా, పరీక్ష రాసినా, అదనపు సమయమో వేరే కీబోర్డో అడగడానికి ఆ కాగితం చేతిలో ఉండాలి. పట్టీ లెక్క కలవకపోతే, ఎక్కడ తేడా వచ్చిందో నాకు రాయి.

ప్రశ్న: మేడమ్, నేను విజయవాడలో డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాను. చూపు పూర్తిగా లేదు. తెర మీద ఉన్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ సాఫ్ట్‌వేర్‌తో పైథాన్ నేర్చుకున్నాను, చిన్న ప్రోగ్రాములు రాయగలను. మినీ ప్రాజెక్టు కోసం ఒక రెడీమేడ్ ఫోల్డర్ ఇచ్చారు. అందులో పది పన్నెండు ఫోల్డర్లు, వాటిలో ఫైళ్లు. బాణం మీటతో ఒక్కొక్కటి వింటూ పోతే చివరికొచ్చేసరికి మొదటివి మర్చిపోతున్నాను. స్నేహితులు ఒక్క చూపులో అర్థం చేసుకుంటున్నారు. ఎలా మొదలుపెట్టాలి?

— ఒక విద్యార్థి, విజయవాడ

జవాబు: ఒక్క చూపులో వాళ్లకి అర్థమయ్యేది కూడా నీకు అనిపించినంత ఏమీ కాదు, బాబూ. ఫోల్డర్ల పేర్లు చూసి తెలిసినట్టు అనిపిస్తుంది, అంతే. నువ్వు ఫోల్డర్ల చెట్టంతా వినాల్సిన పని లేదు. ప్రోగ్రాం ఏ ఫైలు నుంచి మొదలవుతుందో మీ లెక్చరర్‌ని అడుగు, లేదా ప్రాజెక్టు వివరాలుండే రీడ్‌మీ ఫైల్లో వెతుకు. ఆ ఒక్క ఫైలు తెరిచి, అది దిగుమతి (ఇంపోర్ట్) చేసుకునే ఫైళ్ల పేర్లు విను. సాధారణంగా నాలుగైదుంటాయి. ముందు నీకు కావాల్సింది అవే.

వీఎస్ కోడ్‌లో కంట్రోల్ పీ నొక్కి ఫైలు పేరు కొట్టి ఎంటర్ నొక్కితే నేరుగా తెరుచుకుంటుంది, ఫోల్డర్లలో నడవక్కర్లేదు. కంట్రోల్ షిఫ్ట్ ఓ నొక్కితే ఆ ఫైల్లో ఉన్న ఫంక్షన్లు, క్లాసులు లాంటివాటి పేర్లు జాబితాగా వస్తాయి. నీ స్నేహితుల కంటి చూపుకి నీ దగ్గరున్న సమాధానం ఇదే. ఎఫ్8 నొక్కితే తర్వాతి తప్పు దగ్గరికి తీసుకెళ్తుంది. ఆల్ట్ ఎఫ్1 నొక్కితే వాళ్ల సహాయం పేజీ వస్తుంది, ఒకసారి ఓపిగ్గా విను.

పైథాన్‌లో ఇండెంటేషన్ తప్పితే అంతా తప్పుతుంది కదా. ఎన్‌వీడీఏ సెట్టింగుల్లో డాక్యుమెంట్ ఫార్మాటింగ్ కింద లైన్ ఇండెంటేషన్ ఎలా చెప్పాలో ఎంచుకోవచ్చు, మాటలతోనో, స్వరాలతోనో, రెండింటితోనో. స్వరాలు పెట్టుకో. ఎన్ని స్పేసులో మాటల్లో వింటుంటే కోడ్ మీద ధ్యాస పోతుంది. స్వరం మారడం మాత్రం అలవాటయ్యాక ఆలోచించకుండానే తెలుస్తుంది. ఎన్‌వీడీఏని 2006లో మొదలుపెట్టిన ఆస్ట్రేలియా కుర్రాడు మైకేల్ కరన్‌కి, తర్వాత అతనితో చేరిన జేమ్స్ టే‌కి, ఇద్దరికీ చూపు లేదు. కోడ్ చూసి రాసినవాళ్లు కాదు, విని రాసినవాళ్లు. దాని కోడంతా ఎవరైనా తెరిచి చదవొచ్చు, ఎక్కువ భాగం నువ్వు నేర్చుకున్న పైథాన్‌లోనే ఉంది. మినీ ప్రాజెక్టు అయ్యాక ఒకసారి తొంగిచూడు.

ప్రశ్న: బెంజి సర్కిల్ దగ్గర మాది చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. కొత్తగా చేరిన అబ్బాయికి ఆటిజం ఉందని ఇంటర్వ్యూలోనే చెప్పాడు. పరీక్షలో అందరికంటే బాగా రాశాడు. పని ఇస్తే మాత్రం రెండు రోజులు స్క్రీన్ చూస్తూ కూర్చుంటాడు, అడిగితే "చూస్తున్నాను సార్" అంటాడు. నేను ఇచ్చిన మొదటి టికెట్ (పని చీటీ) "రిపోర్టుల మాడ్యూల్ చూసి కొంచెం ఇంప్రూవ్ చెయ్యి". ఇంకేం చెయ్యమంటారు?

— ఒక టీమ్ లీడ్, విజయవాడ

జవాబు: మీరు అడిగినందుకు సంతోషం, చాలామంది ఈపాటికి తీసేసేవాళ్లు. ఆ టికెట్‌లో "చూసి" అంటే ఎంత చూడాలి? "కొంచెం" అంటే ఎంత? "ఇంప్రూవ్" అంటే వేగమా, రంగులా, తప్పులు దిద్దడమా? పాతవాళ్లకి మీ మొహం చూస్తే తెలుస్తుంది. ఆ అబ్బాయి మాటని మాటగా తీసుకుంటాడు. తప్పు చెయ్యకూడదన్న పట్టుదల ఉన్నవాడు కాబట్టే రెండు రోజులు కదల్లేదు.

పని ఎప్పుడూ రాతలో ఇవ్వండి. ఎక్కడితో అయిపోయినట్టో అందులోనే ఉండాలి. సందేహాలకి ఒక్క మనిషిని చూపించండి, నలుగురిని కాదు. రోజూ పొద్దున్న అందరి ముందూ నిలబెట్టి అడగడం అతనికి కష్టమైతే చాట్‌లో రెండు వాక్యాలు రాయమనండి. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఎవరూ ఏమీ అనకూడదని మిగతావాళ్లకి మీరే చెప్పాలి. 2016 చట్టం ప్రకారం ప్రైవేటు సంస్థలు కూడా సమాన అవకాశాల విధానం ప్రకటించాలి, మీ యజమానికి ఆ సంగతి గుర్తుచెయ్యండి. అయితే నేను పైన చెప్పిన వాటిలో దేనికీ ఖర్చు లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

సోమవారం ఇవ్వబోయే టికెట్ ఇలా రాసి చూడండి: "నెలవారీ అమ్మకాల రిపోర్టులో తేదీలు తలకిందులుగా వస్తున్నాయి. పాత తేదీ పైన, కొత్త తేదీ కింద రావాలి. మార్చాల్సింది ఈ ఒక్క ఫైలు. మే నెల డేటాతో నడిపినప్పుడు 1వ తేదీ మొదట కనిపిస్తే పని అయినట్టు. మిగతా రిపోర్టులు ముట్టుకోనక్కర్లేదు. ఏం అడగాలన్నా చాట్‌లో నాకే రాయి, మధ్యాహ్నం మూడింటిలోపు జవాబిస్తాను. గడువు బుధవారం సాయంత్రం."